కాళ్ల కంటే ముందు అలిసేది మనసేనా?

రాయ్‌పూర్‌లోని తెలీబంధా చెరువు గట్టును అక్కడివారు మెరైన్ డ్రైవ్ అంటారు. 82 మీటర్ల స్తంభంపై జాతీయ జెండా ఎగిరే ఈ గట్టు నగరవాసుల వాహ్యాళికి పేరుపొందింది. ఇలాంటి చోట సాధన చేసే రన్నర్లకు ఒక అనుభవం తప్పదు. సొంత వేగంతో సాఫీగా సాగుతుండగా పక్క నుంచి ఎవరో దూసుకుపోతారు. తెలియకుండానే అడుగు వేగం పెరుగుతుంది. కాసేపటికే ఊపిరి గతి తప్పుతుంది. ఒంట్లో ఏ లోపమూ లేదు. ధ్యాస మాత్రం తన పరుగును వదిలి పక్కవారి పరుగులోకి వెళ్లిపోయింది.

ఉదయపు సాధనలో దీనివల్ల పెద్దగా పోయేదేమీ ఉండదు. 42.195 కిలోమీటర్ల మారథాన్‌లో అలా కాదు. మొదటి 5 కి.మీ.లో ఉత్సాహం కొద్దీ చేసిన తప్పుకు 30 కి.మీ. దాటాక మూల్యం చెల్లించాలి. వేగం పెరిగేకొద్దీ కండరాలు, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ త్వరగా ఖర్చవుతుంది. అది అడుగంటితే కాళ్లు సీసపు దిమ్మెల్లా బరువెక్కుతాయి. రన్నర్లు ‘వాల్’ అనేది దీన్నే. అందుకే దూరపు పరుగులో మనసు నిలకడ కూడా ఇంధనం లెక్కలో భాగమే.

మెదడు అలిస్తే ఏమవుతుంది?

2009లో శామ్యూలే మార్కోరా బృందం ఒక ప్రయోగం చేసింది. కొందరికి 90 నిమిషాల పాటు ఏకాగ్రత అవసరమైన పని ఇచ్చి, తర్వాత ఓపిక ఉన్నంతసేపు వ్యాయామ సైకిల్ తొక్కించింది. మామూలు రోజున సగటున 754 సెకన్లు తొక్కినవారు, మెదడు అలిసిన రోజున 640 సెకన్లకే ఆగిపోయారు. గుండె, కండరాల పనితీరులో దీన్ని వివరించగల తేడా కనిపించలేదు. మారిందల్లా ఒకటే. అదే శ్రమ వారికి ఎక్కువ కష్టంగా తోచింది.

అంటే ‘ఇక చాలు’ అనే నిర్ణయంలో కండరాలతో పాటు, ఆ కష్టాన్ని మనసు ఎంతగా లెక్కగడుతోందన్నదీ కీలకమే. పోటీ ముందు రోజంతా ఆఫీసు ఒత్తిడితో, రాత్రంతా ఫలితం గురించిన బెంగతో గడిపినవారు ప్రారంభ రేఖ దగ్గరకు సగం అలిసిపోయి వస్తారు.

మరిచిపోవడమా, గమనించడమా?

కష్టాన్ని మరిచిపోవడానికి పాటలు, ఇంటి లెక్కలు, పాత జ్ఞాపకాలు చాలామంది వాడే ఉపాయాలే. 1977లో విలియం మోర్గన్, మైకేల్ పొలాక్ అగ్రశ్రేణి మారథాన్ రన్నర్లను పరిశీలిస్తే భిన్నమైన తీరు కనిపించింది. వారు శరీరం నుంచి ధ్యాస మళ్లించడం లేదు. శ్వాస, కాళ్ల బిగువు, వేగం ఎప్పటికప్పుడు గమనించుకుంటూ సర్దుబాటు చేసుకుంటున్నారు.

తర్వాతి పరిశోధనలు ఈ విభజనను కొంత సడలించాయి. తేలికపాటి సాధనలో ధ్యాస మళ్లడం తప్పేమీ కాదు. శ్వాసను ప్రతి క్షణం అదుపు చేయబోతే పరుగే బిగుసుకుపోవచ్చు. కావాల్సింది కాపలా కాయడం కాదు, అప్పుడప్పుడూ పలకరించడం. భుజాలు పైకి లేచాయా? పిడికిళ్లు బిగిశాయా? ఈ వేగంతో ఇంకా ఎంత దూరం వెళ్లగలను? జవాబు విని, అవసరమైనది సరిచేసుకుని, మళ్లీ దారిపై దృష్టి పెట్టాలి.

గడియారం కాదు, శ్రమ

ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుప గనులను నడిపే ఎన్‌ఎండీసీ పేరుతో ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరుగుతోంది. దారిలో వచ్చే ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలే అక్కడ అసలు పరీక్ష. ఎత్తు ఎక్కేటప్పుడు గడియారంలో వేగం పడిపోతుంది. కంగారుపడి దాన్ని నిలబెట్టబోతే బలం అక్కడే హరించుకుపోతుంది. శ్రమను సమంగా ఉంచి వేగాన్ని తగ్గనిస్తే, ఆ మిగిలిన శక్తి చివరి కిలోమీటర్లలో అక్కరకొస్తుంది. సమతుల్యత అంటే ఎప్పుడూ ఒకే వేగం కాదు, ఒకే స్థిమితం.

పట్టు తప్పిన వేళ

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బ్రెజిల్ రన్నర్ వాండర్లీ డి లీమా 35 కి.మీ. దాటాక కూడా ముందంజలో ఉన్నాడు. హఠాత్తుగా ఒక వ్యక్తి దారిలోకి దూకి అతన్ని జనంలోకి నెట్టేశాడు. లయ చెదిరింది, విలువైన సెకన్లు పోయాయి. జరిగిన అన్యాయాన్ని తలచుకుంటూ కూర్చోకుండా అతను మళ్లీ పరుగందుకున్నాడు. ఇద్దరు దాటిపోయినా, విమానంలా చేతులు చాచి నవ్వుతూ స్టేడియంలోకి వచ్చి కాంస్యం గెలిచాడు.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్కాట్లాండ్ రన్నర్ కాలమ్ హాకిన్స్ భారీ ఆధిక్యంతో ఉండి, దాదాపు 2 కి.మీ. మిగిలి ఉండగా ఎండ వేడికి కుప్పకూలాడు. లేచి పరుగెత్తి మళ్లీ పడ్డాడు. అతనికి లోపించింది సంకల్పం కాదు. ఒంటి వేడి హద్దు దాటితే ఏ పట్టుదలా పనిచేయదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయ్‌పూర్ లాంటి నగరాల రన్నర్లకు ఇది ప్రాణాలకు సంబంధించిన పాఠం. తల తిరగడం, వణుకు, తికమక కనిపిస్తే భరించి పరుగెత్తడం ధైర్యం కాదు. వెంటనే ఆగాలి, సాయం అడగాలి. ఆగాల్సిన చోట ఆగగలగడం కూడా మనసు అదుపులో ఉందనడానికి గుర్తే.

ఈ ఎరుక పోటీ రోజున అరువుకు దొరకదు, రోజువారీ సాధనలోనే అలవడాలి. తెలీబంధా గట్టున పక్క నుంచి ఒకరు దూసుకుపోయిన ఆ క్షణమే అందుకు మంచి అవకాశం. వారిని వెళ్లనిచ్చి తన ఊపిరి దగ్గరకు తిరిగి రాగలిగితే, ఆ ఉదయం సాధన ఫలించినట్టే.