కుర్చీలు వేసే పనీ మందే

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగును నడిపేది డాక్టర్లు కాదు, జీతం తీసుకునే కౌన్సెలర్లూ కాదు. ఒకప్పుడు తాగుడు మానలేక అల్లాడినవాళ్లే నడుపుతారు. గది తాళం తీసేది, కుర్చీలు వేసేది, టీ కాచేది, డబ్బు లెక్క రాసేది అందరూ సభ్యులే. ఈ పనులన్నిటినీ కలిపి వాళ్లు ‘సర్వీస్’ అంటారు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని ఏఏ గ్రూపులు కూడా దీని మీదే నిలబడ్డాయి.

సర్వీసుకు మూలం 1935లో జరిగిన ఒక ఘటన. బిల్ విల్సన్ న్యూయార్క్ స్టాక్ మార్కెట్లో పనిచేసినవాడు. ఆ మే నెలలో వ్యాపారం పని మీద ఏక్రన్ పట్టణానికి వెళితే ఆ పని చెడింది. తాగుడు మాని అప్పటికి ఐదు నెలలే. హోటల్ బార్ పిలుస్తున్నట్టే ఉంది. లోపలికి వెళ్లకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలనుకుని ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్. ఈ ఇద్దరే ఏఏను మొదలుపెట్టారు. బాబ్ చివరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా జరుపుతారు. ఆ తర్వాత బాబ్ సుమారు 5,000 మంది తాగుడు రోగులకు ఫీజు లేకుండా వైద్యం చేశాడు. బిల్ ఆ రోజు ఫోన్ తీసింది ఎవరినో ఉద్ధరించడానికి కాదు, తాను తాగకుండా ఉండటానికి. సర్వీసులో అసలు కిటుకు ఇదే. ఏఏ 1957లో ఢిల్లీ మీదుగా మన దేశానికి వచ్చినప్పుడు ఈ పద్ధతీ వెంట వచ్చింది.

కొత్తగా మానినవాళ్లకు సాధారణంగా దక్కేది టీ పని, కుర్చీల పని. చిన్నచూపుతో ఇచ్చే పని కాదది. తాగేవాడికి సాయంత్రం ఆరు దాటితే కాళ్లు వైన్ షాపు వైపు లాగుతాయి. ఆ వేళకు గది తెరవాల్సిన బాధ్యత మీద పడితే వెళ్లే దారి మారుతుంది. ఇంట్లో, ఆఫీసులో మాట పోగొట్టుకున్న మనిషికి ఎవరో తాళంచెవి నమ్మి ఇవ్వడం కూడా చిన్న విషయం కాదు.

సెక్రటరీ ఆ రోజు మీటింగుకు ఎవరు అధ్యక్షత వహించాలో, ఎవరు తమ కథ చెప్పాలో చూస్తారు. ట్రెజరర్ సభ్యులు వేసిన డబ్బుతో అద్దె, టీ, పుస్తకాల ఖర్చులు చూస్తారు. బయటివాళ్ల విరాళం ఎంత పెద్దదైనా తీసుకోరు. గ్రూపు ప్రతినిధి జీఎస్ఆర్ పై స్థాయి సమావేశాలకు గ్రూపు మాట మోసుకెళతారు. స్పాన్సర్‌ను మాత్రం ఎవరూ ఎన్నుకోరు. ముందే మానిన ఒకరిని కొత్తవాళ్లు తమకు తామే అడిగి పెట్టుకుంటారు. అర్ధరాత్రి తాగాలనిపిస్తే ముందు ఆ నంబరుకే ఫోన్ చేస్తారు.

ఈ పదవులేవీ శాశ్వతం కావు. గడువు తీరగానే పని ఇంకొకరికి అప్పగించాలి. 1950లో క్లీవ్‌లాండ్‌లో జరిగిన ఏఏ మహాసభ ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల ప్రకారం నాయకులు సేవకులే, పాలకులు కారు. బిల్ విల్సన్ తనకూ ఇదే నియమం పెట్టుకున్నాడు. 1954లో యేల్ విశ్వవిద్యాలయం ఇవ్వజూపిన గౌరవ డాక్టరేటును వద్దన్నాడు.

హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసులుండే ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి లాంటి చోట్ల ఈ పద్ధతి అవసరం ఎక్కువ. సొంతూరు వదిలి హాస్టల్ గదిలో ఉండేవాళ్లకు సాయంత్రం ఎదురుచూసే మనిషి ఉండడు. షిఫ్టులు మారుతుంటాయి, టీమ్ పార్టీల్లో గ్లాసు చేతికొస్తుంది. తాగుడు సంగతి హెచ్‌ఆర్‌కు తెలుస్తుందేమోనన్న భయం నోరు నొక్కేస్తుంది. సభ్యుల పేరు బయటపెట్టకూడదన్న ఏఏ నియమం ఆ భయాన్ని తగ్గిస్తుంది. యాభైమందిని నడిపే మేనేజరైనా ఆ గదిలో కప్పులు కడగవచ్చు, ఆయన పక్కనే ఆటో డ్రైవరు సెక్రటరీగా కూర్చోవచ్చు. హోదా మీద బతికే ఈ ప్రాంతంలో ఇంతకు మించిన మందు లేదు.

సర్వీసుకు హద్దులున్నాయి. సభ్యులు మందులు రాయరు, ఉన్న మందులు ఆపమనీ చెప్పకూడదు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ముందు డాక్టరును చూడాలి. ఆ తర్వాత నెలలు, ఏళ్లు నిలబెట్టే పని గ్రూపుది. 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించింది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఏఏ దారి పట్టించే చికిత్సలు ఇతర మానసిక చికిత్సలకంటే మెరుగని తేల్చింది.

ఏఏలో చేరడానికి ఫీజు లేదు, సిఫార్సు అక్కర్లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఎవరిని అడగాలో తెలియనివాళ్లు జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. ఆ కాల్ ఉచితం.