హైటెన్షన్ లైన్లకు కాంతి కాపలా.. ఆప్టికల్ సెన్సర్లు ఎలా పనిచేస్తాయంటే?

2003 ఆగస్టు 14. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 345 కిలోవోల్టుల లైన్లు కొన్ని కిందికి జారి, పెరిగిపోయిన చెట్లకు తగిలాయి. ఒకదాని తర్వాత ఒకటి ట్రిప్ అయ్యాయి. కంట్రోల్ రూమ్‌లో అలారం అప్పటికే పనిచేయడం లేదు. సాయంత్రానికల్లా అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

తీగ ఎందుకు జారుతుంది? హైటెన్షన్ తీగల్లో ఎక్కువ భాగం అల్యూమినియం. కరెంటు పెరిగితే వేడెక్కుతుంది, వేడెక్కితే సాగుతుంది. ఎండ కాస్తూ గాలి లేకపోతే ఇంకా కిందికి వస్తుంది. అందుకే తీగలో ఎంత కరెంటు పోతోంది, ఎంత వేడిగా ఉంది అన్నది ఎప్పటికప్పుడు తెలియాలి.

మామూలు మీటర్ ఎందుకు పనికిరాదు?

400 కిలోవోల్టుల తీగకు ఇంట్లో మీటర్ బిగించినట్టు బిగించడం కుదరదు. సబ్‌స్టేషన్లలో ఇనుప కోర్, రాగి చుట్లు, నూనె నింపిన కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు వాడతారు. ఇవి బరువైనవి. లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే పేలే ప్రమాదం కూడా ఉంది. ఆప్టికల్ ఫైబర్ అంటే గాజు పోగు. గాజులో కరెంటు పారదు, కాంతి మాత్రం పోతుంది. కాబట్టి కొలిచే పరికరం దూరంగా, భద్రంగా ఉంటుంది.

కాంతి కరెంటును ఎలా కొలుస్తుంది?

దీని మూలం 1845లో మైకేల్ ఫారడే చేసిన ప్రయోగం. కాంతి తరంగాలను ఒకే దిశలో ఊగేలా చేసి గాజు గుండా పంపి, పక్కన అయస్కాంతం పెడితే ఆ దిశ కొద్దిగా తిరుగుతుందని ఆయన చూపించారు. కరెంటు పారే తీగ చుట్టూ కూడా అయస్కాంత క్షేత్రం ఉంటుంది కదా. తీగ చుట్టూ ఫైబర్ చుట్టి కాంతి పంపితే, ఆ దిశ ఎంత తిరిగిందో చూసి కరెంటు ఎంతో చెప్పొచ్చు.

వేడి కొలవడానికి సి.వి.రామన్ 1928లో కనిపెట్టిన ఎఫెక్టే ఆధారం. ఫైబర్‌లోకి లేజర్ పంపితే అందులో చాలా కొద్ది భాగం చెదిరి వెనక్కి వస్తుంది. దాని రంగులో, బలంలో వచ్చే తేడా ఆ చోటి వేడిని చెబుతుంది. తిరిగి రావడానికి పట్టిన సమయం దూరాన్ని చెబుతుంది. సెకనులో పదివేలో వంతు తర్వాత వస్తే, అది సుమారు 10 కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చినట్టు. భూమిలో వేసిన హైటెన్షన్ కేబుళ్ల వెంట ఇలాంటి ఫైబర్లు వేస్తారు. పైన పోయే తీగలకైతే సెన్సర్‌ను తీగకే అమర్చాల్సి ఉంటుంది.

మనకేంటి సంబంధం?

2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతాల్లో కరెంటు పోయింది. దక్షిణాది గ్రిడ్ అప్పటికి వేరుగా ఉండడంతో తెలుగువాళ్లు బయటపడ్డారు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైన్‌తో మన గ్రిడ్ కూడా అందులో కలిసింది. ఇప్పుడు ఎక్కడో ఒక లైన్‌లో లోపం వస్తే దాని ప్రభావం మన దాకా రావచ్చు.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. సెన్సర్ లోపాన్ని కనిపెడుతుందే గానీ, తీగ దగ్గరికి వెళ్లిన మనిషిని ఆపలేదు. హైటెన్షన్ తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు గాలిలోంచే దూకుతుంది. ఆ లైన్ల కింద మేడ మీద పిల్లల్ని గాలిపటాలు ఎగరేయనివ్వొద్దు, ఇనుప చువ్వలు ఎత్తొద్దు. తీగ తెగి పడితే దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయాలి.