ఏ పరీక్షకు కూర్చుండవలయును?
విదేశములకు పోవు సోదరీమణులకు కొన్ని మాటలు

సోదరీమణులారా! పూర్వము కూతురు అత్తవారింటికి పోవునపుడు చీరసారెలు, పసుపుకుంకుమలు, కావిడి నిండ సున్నియుండలు సర్ది పంపెడివారము. నేడు అనేక కుటుంబములలో కూతురుగాని కోడలుగాని సముద్రములు దాటి పోవలసివచ్చుచున్నది. సర్దవలసిన వస్తువులలో ఆంగ్లభాషాపరీక్షాపత్రము కూడ నొకటి యైనది. అది లేనిదే కొన్ని దేశముల ద్వారములు తెరువబడవు. ఆ పరీక్ష ఒక్కటి కాదు. ఒకే పేరుతో రెండుమూడు విధములు కలవు. వానిలో నేది తమకు కావలయునో తెలియక ధనమును, కాలమును పోగొట్టుకొన్నవారిని మేమెరుగుదుము. కావున ఈ నెల ఆ విషయమును గూర్చి ముచ్చటింప దలచితిమి.

మా బంధువర్గములోని యొక కోడలి సంగతి మొదట చెప్పెదము. ఆమె భర్త హైదరాబాదులో ఉద్యోగి. దంపతులిద్దరును కెనడాలో స్థిరపడవలెనని 2024వ సంవత్సరమున ప్రయత్నము మొదలిడిరి. భర్త తన పరీక్ష తాను చూచుకొనెను. కోడలిని మాత్రము ఒక శిక్షణాలయమున చేర్చిరి. అక్కడివారు "అకాడమిక్ అన్నది పై తరగతి పరీక్ష, అది యున్న అన్నిటికి పనికివచ్చును" అని చెప్పిరి. ఇంటివారు నమ్మిరి. దరఖాస్తు ఎవరో నింపిరి, రుసుము ఎవరో కట్టిరి. ఆమె కూర్చుండి వ్రాసినది. పసిపిల్లను అత్తగారి యొడిలో నుంచి, రాత్రి పదిగంటలు దాటిన పిదప చదువుకొని, మంచి ఫలితమే తెచ్చుకొనినది. తీరా కెనడా దరఖాస్తులో నమోదు చేయబోవగా ఆ పత్రము చెల్లదని తేలినది. వారికి కావలసినది జనరల్ ట్రెయినింగ్ అను రెండవ విధము. 17 వేల రూపాయల వరకు ఖర్చు వృథా యైనది. మరల పరీక్ష వ్రాసి ఫలితము వచ్చులోపల భర్తకు ముప్పది సంవత్సరములు నిండి, వయస్సునకు వచ్చు పాయింట్లలో 5 తగ్గినవి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ఏమి లాభము? ఆ చిన్నది మాతో నన్న మాట యొక్కటే: "పరీక్ష పేరు నన్ను ఎవరును అడుగలేదు పిన్నిగారూ, నేనును అడుగలేదు."

ఆ శిక్షణాలయమువారి మాటలోని పొరపాటేమో చూతము. ఐయెల్ట్సు అను పరీక్ష 1989వ సంవత్సరము నుండి ఆ పేరుతో జరుగుచున్నది. దానిలో అకాడమిక్, జనరల్ ట్రెయినింగ్ అని రెండు విధములు. వీనిలో నొకటి పెద్దది, ఒకటి చిన్నది కాదు. రెండును వేర్వేరు పనులకై యేర్పడినవి. అకాడమిక్ విశ్వవిద్యాలయములలో చేరువారికిని, కొన్ని వృత్తులలో నమోదు కావలసినవారికిని. జనరల్ ట్రెయినింగ్ ముఖ్యముగా వలసపోయి స్థిరపడువారికి. ఎంత పెద్ద తాళపుచెవి యైనను వేరొక తాళమునకు పట్టదు గదా!

రెండింటను వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని నాలుగు భాగములు. వినుట యందును మాటలాడుట యందును రెండు పరీక్షలకు భేదము లేదు. భేదమంతయు చదువుట, వ్రాయుటలలోనే. అకాడమిక్‌లో మూడు దీర్ఘమైన వ్యాసములు చదివి, గంటలో 40 ప్రశ్నలకు సమాధానము లియ్యవలయును. జనరల్‌లో నట్లే 40 ప్రశ్నలు. కాని మొదట ప్రకటనలు, నోటీసులు, తరువాత ఉద్యోగమునకు సంబంధించిన కాగితములు, చివర నొక దీర్ఘవ్యాసము. వ్రాయుటలో అకాడమిక్‌వారు పట్టికనో రేఖాచిత్రమునో చూచి 150 మాటలకు తక్కువకాకుండ వివరింపవలెను. జనరల్‌వారు అన్ని మాటలలోనే ఒక జాబు వ్రాయవలెను. 250 మాటల వ్యాసము ఇద్దరికిని కలదు. దానికి మొదటిదానికంటె రెండింతల విలువ.

జనరల్ సులువని తలచి ఏమరియుండరాదు. చదువుటలో 6 అను బ్యాండు రావలెనన్న అకాడమిక్‌లో సుమారు 23 సమాధానములు సరిపోవును. జనరల్‌లో సుమారు 30 కావలసియుండును. పాఠము తేలికైన కొలది తప్పునకు క్షమాపణ తక్కువ యన్నమాట.

ఇక నెవరి కేది కావలయునో దేశమునుబట్టి చెప్పెదము.

కెనడాకు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మార్గమున పోవువారికి ఐయెల్ట్సులో జనరలే చెల్లును. భర్త ముఖ్య దరఖాస్తుదారుడైనపుడు భార్య యొక్క ఆంగ్లపరీక్షకు 20 పాయింట్ల వరకు కలవు. భాగమునకు 5 చొప్పున నాలుగు భాగములకు 20. ఇల్లాలి చదువు ఇంటికి వచ్చు పాయింట్లుగా మారుట చూడుడు! పి.టి.ఇ. యను పరీక్షలోను ఇట్టి చిక్కే కలదు: అందు అకాడమిక్ వేరు, కోర్ వేరు. కెనడాలో స్థిరపడువారికై 2024వ సంవత్సరము జనవరి నుండి అంగీకరింపబడుచున్నది కోర్ మాత్రమే.

బ్రిటను ప్రభుత్వము వీసా కొరకై పరీక్ష కోరినపుడు, ఐయెల్ట్సు వ్రాయువారు 'ఐయెల్ట్సు ఫర్ యూకేవీఐ' అను పేరుగల దానినే వ్రాయవలెను. ప్రశ్నలు సాధారణ పరీక్షను బోలియేయుండును. కాని ఆ పేరులేని పత్రమును వీసా అధికారులు గ్రహింపరు. అక్కడ పౌరుడుగా గాని శాశ్వతనివాసిగా గాని యున్న భర్త కడకు పోవు భార్యకు మరియొక సులభమార్గము కలదు. దానికి లైఫ్ స్కిల్స్ అని పేరు. ఇందు వ్రాత లేదు. వినుట, మాటలాడుట మాత్రమే. మొదటిసారి పోవునపుడు కావలసిన స్థాయి ఎ1, అనగా అడుగుమెట్టు. ఇద్దరు అభ్యర్థులను పరీక్షకులొకరు కూర్చుండబెట్టి ఇరువది నిమిషములలోపున ముగింతురు. బ్యాండులు లేవు, ఉత్తీర్ణులైరా లేదా అన్నదే ఫలితము. తెలుగు మాధ్యమములో చదివి, పెన్ను పట్టి చాలకాలమైన సోదరికి ఇంతమాత్రము చాలునని తెలియక, అకాడమిక్ పుస్తకములు ముందు వేసికొని కన్నీరు పెట్టుకొనుట ఎంత అన్యాయము! ఆంగ్లమాధ్యమమున పట్టము పొందినవారు దానిని ఎక్టిస్ అను సంస్థచే ధ్రువపరపించుకొన్నచో, పరీక్ష లేకయే పోవుటకు వీలుండవచ్చును.

బ్రిటనుకు నర్సులుగా పోవువారికి జనరల్ పనికిరాదు. బ్రిటనులోని నర్సుల మండలివారు అకాడమిక్‌లో వినుట, చదువుట, మాటలాడుటలందు 7, వ్రాయుటయందు 6.5 కోరుదురు. ఓ.ఇ.టి. అను వేరొక పరీక్షయు వారు గ్రహింతురు. అది 12 వైద్యవృత్తులవారికై యేర్పడినది. అందు రేఖాచిత్రములకు బదులు రోగిని గూర్చి వైద్యునికో, వేరొక నర్సుకో జాబు వ్రాయవలెను. వార్డులో పది సంవత్సరములు పనిచేసిన నర్సుకు ఏది చేతికి దగ్గరగా నుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆస్ట్రేలియాకు ఉద్యోగనైపుణ్యముపై శాశ్వతనివాసమునకు పోవు కుటుంబములలో, భార్య తనకు కొలదిపాటి ఆంగ్లము వచ్చునని నిరూపింపనిచో అదనముగా పెద్ద రుసుము చెల్లింపవలసియుండును. అమెరికాలో చదువుచున్న లేక ఉద్యోగము చేయుచున్న భర్తతో ఎఫ్2, హెచ్4 వీసాలపై పోవు భార్యకు ఇట్టి పరీక్షయే అక్కరలేదు. తానే అక్కడ కళాశాలలో చేరదలచినచో ఆ కళాశాల కోరిన టోఫెల్ గాని ఐయెల్ట్సు గాని చూచుకొనవలెను.

ఫలితమును చదువుటలోను ఒక మెలకువ కావలయును. నాలుగు భాగములలో 7, 6.5, 6, 5.5 వచ్చినవనుకొందము. సగటు 6.25, దానిని 6.5గా చూపుదురు. ఇంటిల్లిపాదియు సంతోషింతురు. కాని ప్రతి భాగమునను 6 ఉండవలెనను నియమమున్నచోట ఆ 5.5 ఒక్కటియే అడ్డుపడును. కావున సగటును కాక, అన్నిటికంటె తక్కువ వచ్చిన భాగమును ముందు చూడుడు. పత్రము రెండు సంవత్సరములే చెల్లునని కూడ గుర్తుంచుకొనుడు. పెండ్లి కుదిరినదే తడవుగ వ్రాసి దాచిన పత్రము ప్రయాణమువేళకు కాలము చెల్లిపోయినదగును.

మాటలాడు పరీక్షకు మనవారు మిక్కిలి జంకుదురు. అది 11 మొదలు 14 నిమిషముల సంభాషణ మాత్రమే. తెలుగు యాస యున్నదని మార్కులు తగ్గింపరు. మాట స్పష్టముగ తెలియవలెను. మన భాషలో మాటలు అచ్చుతో ముగియును గనుక 'బస్సు', 'బుక్కు' అని చివర ఉకారము చేర్చుట మనకు అలవాటు. 'ఎ', 'ది' అను చిన్నమాటలు తెలుగున లేవు గనుక వ్రాతలో వానిని విడుచుటయు సహజము. ఈ రెండు లోపములను తామే కనిపెట్టి దిద్దుకొనువారికి త్వరలోనే గుణము కనిపించును. మధ్యాహ్నము పనులు తీరిన పిదప ఇరువది నిమిషములు గడియారము ముందుంచుకొని ఇంటి యజమానికో, పాఠశాలకో ఒక ఆంగ్లపుజాబు వ్రాయుడు. ఖర్చులేని శిక్షణ ఇదియే.

రుసుము కట్టుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. పోవు దేశమేది? ఏ వీసాపై? పత్రమును కోరువారు ప్రభుత్వమా, కళాశాలయా, వృత్తిమండలియా? ప్రతి భాగమున ఎంత రావలెను? సమాధానములను శిక్షణాలయమువారి నోటినుండి కాక, ఆ ప్రభుత్వముయొక్క, ఆ సంస్థయొక్క స్వంత ప్రకటనలో దరఖాస్తు పెట్టుదినముననే చూడుడు. ఏలయన ఈ నియమములు నిలుకడగ నుండునవి కావు. విద్యార్థులకై కెనడావారు నడిపిన ఒక త్వరితమార్గము 2024 నవంబరులో నిలిచిపోయినది. దానిని నమ్ముకొని యుండినవారెందరో. పాస్‌పోర్టులోని పేరును, దరఖాస్తులోని పేరును అక్షరమక్షరము పోల్చుకొనుటయు మరువకుడు.

మా కోడలు రెండవమారు తన దరఖాస్తును తానే నింపుకొనినది. పరీక్ష పేరున్న చోట వ్రేలుంచి రెండుమారులు చదివి, అటుపిమ్మట రుసుము కట్టించినది. భార్య పరీక్షగదా యని ఇంటివారు తేలికగ చూచినను, కూర్చుండి వ్రాయవలసినది ఆమెయే. పత్రముపై నుండునది ఆమె పేరే. కావున సోదరులారా, భర్తలారా, అత్తమామలారా, దరఖాస్తు నింపునపుడు ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. సోదరీమణులారా, పిలువకున్నను మీరే వచ్చి కూర్చుండుడు.