పునఃపఠనము – నిత్యనూతనము

ముగింపు తెలిసిన కథను మరల మరల చదువుట యెందుకని కొందరు ప్రశ్నించెదరు. పోతనగారి భాగవతము అష్టమస్కంధములోని గజేంద్రమోక్షణమునే చూడుడు. మకరి హతమగుననియు, కరి రక్షింపబడుననియు మనమెరుగుదుము. అయినను ఆ కథ ప్రతి పఠనమునను ఒకే తీరుగ ఉండదు.

బాల్యమున మనకు ఏనుగు, మొసళ్ల పోరాటమే ముచ్చట గొలిపినది. సంసారభారము మోయు వయస్సున, తోడి ఏనుగులు ఏమియు చేయజాలక నిలిచిన ఘట్టము మనస్సును తాకును. కష్టములు ముసిరి, మొర వినెడి దైవము కలడా యని గుండె తల్లడిల్లిన నాడు, ఆ సందేహము గజేంద్రునకును కలిగినదని గుర్తించి ఊరట చెందెదము. సందేహించిన నోటితోనే అతడు శరణు వేడెను. స్వామి పరుగున వచ్చెను. ఆ పద్యములు పూర్వమును అక్కడనే ఉన్నవి. వానిని అందుకొను పరిపాకము మనకు అప్పటికి కలిగినది.

12 స్కంధములు ముగించి మరల ప్రథమస్కంధము తెరచుటలోని ఆనందమిదియే. పరీక్షిన్మహారాజునకు మిగిలినవి 7 దినములే. ఒక్కమారు వినుటకే ఆ వ్యవధి చాలినది. మనలో పలువురకు స్వామి పలుమారులు చదువుకొను ఆయువును అనుగ్రహించినాడు. చదివిన గ్రంథమే కదా యని అటక ఎక్కింపక, నేడే మరల తెరచెదము గాక!

శుభమస్తు.