వార్తల్లో పదం: డీకంప్రెషన్ రెటినోపతి

గ్లాకోమా ఆపరేషన్‌తో కంటి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే రెటీనాలో రక్తం చిమ్మొచ్చు. దీనికి డీకంప్రెషన్ రెటినోపతి అన్న పేరు 1992లో వచ్చింది. మామూలు కంటి ఒత్తిడి 10–21 మిల్లీమీటర్ల పాదరసం; నలభై దాటింది చప్పున పదికి దిగితే సన్నటి నాళాలు తట్టుకోలేవు. వారాల్లో దానంతటదే ఇంకిపోయేదానికి ఫొటోలెందుకంటారు కొందరు. నిజమే, ఎక్కువగా ఇంకుతుంది. కానీ తొలిరోజు ఫండస్ ఫొటో (కంటి వెనుక భాగం ఫొటో) లేకుంటే మరక తగ్గిందో పెరిగిందో దేనితో పోల్చాలి? రెటీనా సిర మూసుకుపోయినా ఇలాంటి మరకలే పడతాయి. రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో నీరు చేరిందా అన్నది ఓసీటీ స్కాన్ పొరపొరగా చూపిస్తుంది.

ఇంతకీ ఈ ముప్పు ఎవరికి? పాత మహబూబ్‌నగర్ జిల్లాలో 1996–2000 మధ్య నేత్ర సర్వే జరిగింది. గ్లాకోమా ఉన్న చాలామందికి ఆ సంగతే తెలియదని తేలింది. ఆలస్యంగా, ఒత్తిడి బాగా పెరిగాక వచ్చే రోగికే ఈ ముప్పెక్కువ. ఆపరేషన్ తర్వాత ఫండస్ ఫొటో కాపీ అడిగి తీసుకోండి, మళ్లీ వెళ్లేటప్పుడు వెంట ఉంచుకోండి.