విస్తరి ముందు వైద్యము

కోనసీమలో ఆప్యాయతకు మారుపేరు వడ్డన. పనసాకుల బుట్టలో ఉడికిన పొట్టిక్కలు నాలుగు తినినవానికి ఐదవది వద్దనుటకు అధికారము లేదు. ఆత్రేయపురపు పూతరేకు చేతిలో పెట్టనిదే అతిథిని గుమ్మము దాటనీయరు. అట్టి సీమలో ఒక కన్నెపిల్ల కంచము ముందు మెతుకులు కెలుకుచు, అరముద్ద దిగకముందే కడుపు నిండినదని లేచిపోవుచు, నెలనెలకు చిక్కి శల్యమగుచున్నచో, ఇంటివారు మొదట దిష్టి తీయుదురు, పిమ్మట గ్యాసు మందు తెత్తురు, తుదకు పెంకితనమని కసరుదురు. మనసుకు పట్టిన జబ్బని తోచుట చాల ఆలస్యము. నిరుడు పెండ్లిపందిట “ఒళ్లు చేసేవేంటే!” అని నవ్విన పిన్నియే ఈయేడు “పుల్లలా అయిపోయేవేంటే!” అని కన్నీరు పెట్టుకొనుట కద్దు, రెండును ప్రేమతో అన్న మాటలే యగుట ఇందలి చిక్కు.

1874లో ఈ రోగమునకు ‘అనొరెక్సియా నెర్వోసా’ యని పేరిడిన లండను వైద్యుడు సర్ విలియం గల్, రోగి పరిచర్యకు బంధుమిత్రులు సామాన్యముగా పనికిరారని తేల్చివైచెను. మన మేనత్తలను తలచుకొన్నచో ఆయన పక్షమున కొంత న్యాయము లేకపోలేదు. అయినను శతాబ్దము గడచిన పిమ్మట, ఆ నగరమందలి మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు తల్లిదండ్రులను దోషులుగా గాక చికిత్సలో భాగస్వాములుగా భావించి, 80 మంది రోగులపై జరిపిన పరిశీలనను 1987లో ప్రకటించిరి: 19 ఏండ్లు నిండకముందు సోకి, 3 ఏండ్లు దాటని అనొరెక్సియాకు కుటుంబ చికిత్సయే మేలని అందు తేలెను. ఈ మార్గమున ఏమి తినవలెనో, ఎంత తినవలెనో మొదట కన్నవారే నిర్ణయించి, పూటపూటకు ప్రక్కన కూర్చుండి, కసరక, కంచము ఖాళీయగువరకు లేవకుందురు. బరువు కుదుటపడిన కొలది ఆ పెత్తనమును తిరిగి పిల్లకే అప్పగింతురు. నెలసరి ఆగినను, కళ్లు తిరిగి పడినను మాత్రము ముందు ఆసుపత్రికి పోవలసినదే.

రోగితో బంధువును ఉంచుకొనుట మన దేశమునకు వింత గాదు. 1950ల దశకముననే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారములు వేయించి రోగుల కుటుంబములను అందుంచెను.

అమెరికాలో లాటిన్ అమెరికా మూలములు గల స్త్రీలకు చికిత్స చేయుచు, నార్త్ కరొలినా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు మే లిన్ రెయెస్-రొడ్రిగ్వెజ్ పెద్దవయసు వారి వైద్యములోనికి సైతము ఇంటివారిని పిలిచిరి. అచ్చటను అన్నమే అనురాగము, అచ్చటను వలసయే వెలితి. రాజోలు, అమలాపురము ప్రాంతములలో తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోగా పిల్లలను అమ్మమ్మ సాకు గృహములు కొల్లలు. అట్టి యింటినుండి వైద్యుడు పిలువవలసినది అమ్మమ్మను. తల్లి యందువా, ఫోను తెరపై కూర్చుండి, పిల్ల కడపటి ముద్ద మింగువరకు కొబ్బరికాయ ధర గూర్చియో, కాలువ నీటి గూర్చియో మాటలాడవచ్చును, బరువు గూర్చి తక్క.