మీకు తెలుసా? కేడీ, ఫోర్‌ట్వంటీ, వేలిముద్ర

మాట వినని పిల్లవాణ్ణి "వీడొట్టి కేడీ" అంటాం. 1978లో ఎన్టీఆర్ 'కేడీ నెం.1' వచ్చింది, 2010లో నాగార్జున 'కేడీ' వచ్చింది. అంతగా మన ఇంటిమాట అయిపోయింది కానీ, అది పుట్టింది పోలీసు స్టేషన్లో. దొంగతనాలు చేస్తాడని ముందే ఎరిగి, రిజిస్టర్లో పేరెక్కించి, ఓ కన్నేసి ఉంచిన మనిషిని మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసులు 'నోన్ డిప్రెడేటర్' అనేవారు. అంటే ఎరిగిన దొంగ. రాసుకునేటప్పుడు పొడి అక్షరాల్లో కె.డి. కానిస్టేబుళ్ల నోట నాని, వీధిలోకి వచ్చి, తెలుగు తమిళ కన్నడాలు మూడింటిలోనూ కుదురుకుంది. ఇవాళ బెంగళూరు చిక్‌పేటలో నిలబడి ఆ మాట అంటే, అక్కడ ఏ భాషవాడికీ అర్థం చెప్పక్కర్లేదు.

'ఫోర్‌ట్వంటీ' కథా అలాంటిదే. 1860 నాటి శిక్షాస్మృతిలో మోసానికి పెట్టిన సెక్షన్ నంబరు 420. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆ నేరం 318వ సెక్షన్‌కు మారింది. కోర్టులో అంకె మారినా తిట్టు మారలేదు, మారుతుందనీ నేననుకోను.

బెంగళూరు గురించి రాయబోతూ కేడీతో ఎందుకు మొదలుపెట్టానంటే, వందేళ్ల కిందటి నగర డిటెక్టివ్ తిప్పలన్నీ ఆ 'ఎరిగిన' అన్న మాటలోనే ఉన్నాయి. పల్లెలో ప్రతి మనిషీ ఎరిగినవాడే. ఫలానావారి అబ్బాయి, ఫలానావారి అల్లుడు. నగరంలో అలా కుదరదు. రైలు దిగిన మనిషి ఏ పేరు చెబితే అదే అతని పేరు. జైల్లో ఆరు నెలలుండి వచ్చి ఇంకో పేటలో ఇంకో పేరుతో గది అద్దెకు తీసుకుంటే, అక్కడి పోలీసుకు అతను కొత్త మనిషి. దొంగతనం ఎవరు చేశారన్నది రెండో ప్రశ్న. అసలు ఇతనెవరన్నదే మొదటి ప్రశ్న.

* * *

ఆ రోజుల్లో బెంగళూరు ఒక ఊరు కాదు, రెండు ఊళ్లని మీకు తెలుసా?

చిక్‌పేట, బళేపేట, సుల్తాన్‌పేట ఉన్న పాత ఊరు మైసూరు మహారాజుది. కబ్బన్ పార్కు దాటి అవతలికి వెళితే కంటోన్మెంటు. స్థానికుల మాటలో దండు. 1881లో బ్రిటిష్‌వాళ్లు మైసూరు రాజ్యాన్ని తిరిగి మహారాజుకు అప్పగించినప్పుడు దండును మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. దానికి పెట్టిన పేరు సివిల్ అండ్ మిలిటరీ స్టేషన్. అక్కడ పెత్తనం బ్రిటిష్ రెసిడెంటుది. మునిసిపాలిటీ వేరు, కోర్టు వేరు, పోలీసులూ వేరు. 1947 జులై దాకా ఇదే ఏర్పాటు.

పేటలో జేబు కొట్టినవాడు చెట్ల నీడన పావుగంట నడిస్తే ఇంకో ప్రభుత్వం కిందికి వచ్చేస్తాడన్నమాట. అతని వెంట కానిస్టేబులు పరుగెత్తుకుంటూ వస్తే సరిపోదు, రెండు ప్రభుత్వాల మధ్య కాగితాలు నడవాలి. హైదరాబాదువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. సుల్తాన్ బజారు చుట్టుపక్కల రెసిడెన్సీ బజార్లు కూడా 1933 దాకా నిజాం చేతిలో లేవు, రెసిడెంటు చేతిలో ఉండేవి.

* * *

సీఐడీ అన్న మూడక్షరాలు మన దేశంలో ఊరూరా వినపడటం 1900ల మొదటి పదేళ్లలో మొదలైంది. 1902లో వేసిన పోలీసు కమిషన్‌కు ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షుడు. మామూలు స్టేషన్ పనితో సంబంధం లేకుండా, నేర పరిశోధనకే ఒక విభాగం ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలని ఆ కమిషన్ చెప్పింది. ఆ కమిషన్‌కు కార్యదర్శి మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన హెరాల్డ్ స్టువర్ట్. ఆ పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? బాపట్ల దగ్గరి స్టువర్టుపురానికి ఆ పేరు ఆయనదే. ఆ ఊరి దగ్గరికి మళ్లీ వస్తాను.

* * *

మన తెలుగు పోలీసు అధికారి ఒకాయన రైలు దొంగల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ఆయన పేరు ఎం. పాపారావు నాయుడు. మద్రాసులో రైల్వే పోలీసు ఉద్యోగం. 'రైలు దొంగల చరిత్ర' అని అర్థం వచ్చే ఆ పుస్తకం 1915 నాటికి నాలుగో కూర్పుకు వచ్చింది, హిగ్గిన్‌బాథమ్స్ వారు వేశారు. దొంగ నాణేలు చేసేవాళ్ల మీద, మత్తుమందు పెట్టి దోచేవాళ్ల మీద మరో పుస్తకం. ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద రాసిన ఏడు సంపుటాల్లో కూడా పాపారావు నాయుడు రాతలను తీసుకుని చెప్పిన చోట్లున్నాయి.

రైలు మీదే పుస్తకం ఎందుకు? బెంగళూరునే చూడండి. 1864లో మద్రాసు వైపు నుంచి జోలార్‌పేట మీదుగా దండుకు బండి వచ్చింది. తర్వాత పుణె, హుబ్లీల వైపు నుంచి మీటరు గేజి, ఇటు మన ధర్మవరం, హిందూపురం నుంచి ఇంకోటి. రాత్రి ఒక ఊళ్లో ఎక్కి, తెల్లారేసరికి ఇంకో ప్రభుత్వం కింద దిగవచ్చు. ఆ కాలపు పోలీసు పుస్తకాల్లో రాత్రి బండి దొంగతనం ఒకటి తరచూ కనిపిస్తుంది. మనిషి బెంచీల మధ్య దుప్పటి కప్పుకుని నేల మీద పడుకుంటాడు. దీపం మసక. నోట్లో, పై పెదవికీ చిగురుకూ నడుమ చిన్న వంకీ కత్తి. పక్కవాడి సంచి కుట్టు విప్పి, చేయి పెట్టి, దొరికింది తీసుకుని, తర్వాతి స్టేషన్లో దిగి వేరే పెట్టెలో ఎక్కుతాడు. సంచి పోతే వెంటనే తెలుస్తుంది, సంచి ఉండి లోపలి సొమ్ము పోతే ఇంటికి చేరేదాకా తెలియదు. ఈ పద్ధతులను కళ్లారా చూసి, దిగువ ఉద్యోగులకు అర్థమయ్యేలా రాసిన పాపారావు నాయుడు పేరు తెలుగునాట ఎవరూ తలుచుకోరు. అపరాధ పరిశోధన నవలలు అంత ప్రేమగా చదివిన జాతి మనది, నిజం డిటెక్టివ్‌ను మరిచిపోయాం.

అయితే ఆ పుస్తకాల్లో నన్ను బాధపెట్టే భాగమూ ఉంది. ఒక్కో దొంగతనాన్ని ఒక్కో కులానికి అంటగట్టారు. 1911 నాటి నేర తెగల చట్టం ప్రకారం జాబితాలో ఉన్నవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి, హాజరు పలకాలి, అడిగినప్పుడల్లా వేలిముద్ర వేయాలి. తప్పు చేసినవాడే కాదు, ఆ తెగలో పుట్టిన ప్రతివాడూ. ఆ జాబితాలోని ఎరుకలవాళ్లు అంతకు ముందు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని కోస్తా నుంచి మెట్ట సీమలకు మోసిన వర్తకులు. రైలు వచ్చి ఆ వర్తకాన్ని తినేసింది. బతుకుతెరువు పోగొట్టిన రైలు పక్కనే వాళ్లను దొంగల జాబితాలో నిలబెట్టారు. స్టువర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టిందే, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఆ ఊరి పేరు చెబితే ఉద్యోగం రాని రోజులు ఆ తర్వాత కూడా చాలాకాలం ఉన్నాయి.

* * *

పిల్లల వేళ్లు పట్టుకుని "ఎన్ని శంఖాలు, ఎన్ని చక్రాలు?" అని లెక్కపెట్టే అమ్మమ్మలు మనందరికీ ఉన్నారు. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల బ్యూరో నడిచింది దాదాపు ఆ లెక్క మీదే.

1897లో కలకత్తా రైటర్స్ బిల్డింగులో అది మొదలైంది. వేలిముద్ర తీసుకోవడం కష్టం కాదు. తీసిన వేల కాగితాల్లో కావలసినదాన్ని వెతకడమే కష్టం. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు దాన్ని లెక్కల్లోకి దించారు. పది వేళ్లను ఐదు జతలు చేశారు. జతలో ఏ వేలికి చక్రం ఉంది, దేనికి లేదు? రెండింటికీ ఉండొచ్చు, ఒక దానికే ఉండొచ్చు, రెండో దానికే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. జతకు నాలుగు దారులు. ఐదు జతలకు నాలుగును ఐదుసార్లు గుణిస్తే 1024. గోడకు 1024 గూళ్ల బీరువా. కొత్తగా పట్టుకున్న మనిషి ఏ పేరు చెప్పినా సరే, అతని వేళ్లను బట్టి ఏ గూట్లో చూడాలో గుమాస్తాకు తెలుస్తుంది. పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ 1901లో లండన్ వెళ్లి స్కాట్లాండ్ యార్డులో అదే పెట్టారు. లోకమంతా దాన్ని హెన్రీ పద్ధతి అంది. హక్‌కూ బోస్‌కూ తర్వాత బిరుదులు, చెరో ఐదు వేల రూపాయలు ఇచ్చారు. పద్ధతికి పేరు మాత్రం మారలేదు.

దానికి ముందు పద్ధతి ఫ్రాన్సు బెర్టిలాన్‌ది. తల పొడవు, చెవి, మోచేయి, పాదం అన్నీ కొలిచి, మచ్చలూ గాయాలూ రాసుకోవడం. మన పదో తరగతి సర్టిఫికెట్టులో రెండు పుట్టుమచ్చలు రాయించుకున్న సంగతి గుర్తుందా? హెడ్ మాస్టరు ముందు నిలబడి చొక్కా గుండీ విప్పి మచ్చ వెతుక్కున్నవాళ్లం ఎందరమో.

1898లో జల్పాయ్‌గురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్య కేసు విచారణకు వచ్చింది. అతని పెట్టెలో పంచాంగం మీద గోధుమరంగు మరకలు రెండు. అందులో ఒకటి పాత నౌకరు కాంగాలీ చరణ్ కుడి బొటనవేలితో కలిసింది. అంతకు ముందు దొంగతనం కేసులో అతని ముద్ర బ్యూరోలో ఉండబట్టి దొరికింది. కోర్టు దొంగతనానికి శిక్ష వేసింది, హత్యకు వేయలేదు. ముద్ర చెప్పేది మనిషి ఆ వస్తువును ముట్టుకున్నాడని, అంతవరకే. ఆ తేడా తెలిసిన న్యాయమూర్తులు 1898లోనే ఉన్నారంటే నాకు గౌరవం కలుగుతుంది.

* * *

బెంగళూరు వీధి దీపాలకన్నా ముందు కరెంటు ఎక్కడికి వెళ్లిందో తెలుసా? కోలారు బంగారు గనులకు, అంటే కేజీఎఫ్‌కు. శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు 1902లో 140 కిలోమీటర్ల పైచిలుకు తీగ మీద గనులకు చేరింది. బెంగళూరు వీధుల్లో వెలిగింది 1905 ఆగస్టులో. ఆ ముందువెనుకలే చెబుతున్నాయి, బంగారం విలువేమిటో.

ఆ విలువే కేజీఎఫ్‌ను ప్రత్యేకమైన పోలీసు రాజ్యం చేసింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వచ్చిన తెలుగు, తమిళ కూలీలు వేల అడుగుల లోతున రాయి కొట్టేవారు. మామూలు దొంగతనం కేసులో నేరాన్ని పోలీసు రుజువు చేయాలి. అక్కడ మైసూరు గనుల చట్టం కింద, బంగారు రాయి ముక్క చేతిలో ఉండి, అదెక్కడిదో చెప్పలేకపోతే చాలు, నేరమే. రుజువు చేసుకోవలసిన భారం కూలీ మీద. తవ్వకం 2001లో ఆగిపోయినా, కోలారు జిల్లాలోనే కేజీఎఫ్‌కు వేరే పోలీసు జిల్లా మాత్రం మిగిలింది.

1930లో అక్కడ ప్రతి కూలీ వేలిముద్రా తీసి నమోదు చేయాలన్నారు. ఒక గనిలో పేరు కొట్టేసిన మనిషి ఇంకో గనిలో ఇంకో పేరుతో చేరకుండా. కాగితం మీద చూస్తే ఇది కలకత్తా బ్యూరో పనే. కానీ కూలీలకు అది వేరుగా కనిపించింది. వేలిముద్రలు ఎవరివి తీస్తారు? దొంగలవి. మేం దొంగలమా? వేలమంది పని ఆపేశారు. దాదాపు మూడు వారాలు గనులు నిలిచాయి. జీతం కోసం కాదు, బొటనవేలి కోసం. కేజీఎఫ్ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది బంగారం లెక్కలు కావు, ఈ మూడు వారాలే. నిశానీ తప్ప సంతకం ఎరగని మనుషులు, ఆ నిశానీ ఎవరి చేతికి ఇవ్వాలో తామే తేల్చుకున్నారు.

* * *

ఆధార్ సాంకేతిక కేంద్రం బెంగళూరులోనే ఉంది. లెక్క వేరైనా, పాత బీరువా చేసిన పనే ఇప్పుడు దేశమంతటి పది వేళ్లకూ యంత్రాల్లో నడుస్తోంది.

నా చిన్నప్పుడు హిందూపురంలో రిజిస్ట్రారు ఆఫీసుకు అమ్మమ్మ వెంట వెళ్లాను. గుమాస్తా నల్ల సిరా దిండు మీద ఆమె ఎడమ బొటనవేలు అదిమి, పుస్తకంలో గోరు ఈ అంచు నుంచి ఆ అంచుకు దొర్లించాడు. బయటికి వస్తూ ఆమె వేలిని జుట్టుకు రాసుకుని తుడుచుకుంది. అప్పుడు అందరూ చేసేపని అదే. చాలా ఏళ్ల తర్వాత రేషను షాపులో డీలరు చిన్న మిషను ముందుకు జరిపాడు. ఆమె వేలు పెట్టింది, పలకలేదు. వేరుశనక్కాయలు ఒలిచి ఒలిచి గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టమన్నాడు, ఇంకో వేలు పెట్టమన్నాడు. ఐదోసారి ఉంగరపు వేలికి పచ్చ దీపం వెలిగింది. బియ్యం సంచి అందుకోబోతూ అమ్మమ్మ, సిరా లేని ఆ వేలిని అలవాటుగా జుట్టుకు రాసుకుంది.